కోట తలుపులు పిల్లలకు తెరుచుకున్న కథ

జర్మనీ పశ్చిమాన రూర్ బొగ్గుగనుల పట్టణాలు దాటి దక్షిణంగా వెళ్తే అడవి కొండలు ఎదురవుతాయి. ఆ కొండసీమ పేరు జావర్‌లాండ్. దాని గుండా లెన్నే నది మెలికలు తిరుగుతూ పారుతుంది. ఇరుకు లోయలో, నది ఒడ్డున ఆల్టెనా అనే చిన్న పట్టణం ఉంది. తరతరాలుగా ఇనుప తీగ తీసి బతికిన ఊరు అది. ఊరి నెత్తిన, కొండ కొసన 12వ శతాబ్దంలో పుట్టిన ఒక కోట.

ఇవాళ జర్మనీ పల్లెసీమల్లో పాత కోటలు చూడబోయినవాళ్లు కొన్ని చోట్ల ఆ కోటలోనే, సామాన్యుడి జేబుకు అందే ధరకు, రాత్రి పడుకోవచ్చు. ప్రపంచమంతా ఇప్పుడు యూత్ హాస్టల్ అని పిలుచుకునే ఏర్పాటుకు మొట్టమొదటి శాశ్వత చిరునామా ఈ ఆల్టెనా కోటే. ఆ ఏర్పాటును కనిపెట్టినది ఏ రాజో, ఏ ఇంజనీరో కాదు, ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. పేరు రిచర్డ్ షిర్మన్.

శిథిలాలు చూడటానికి జనం బయల్దేరడం ఆయనకు చాలా ముందే మొదలైంది. అంతకుముందు కూలిన కోట అంటే అందరికీ ఉచితంగా దొరికే రాళ్ల కుప్ప. 1689లో ఫ్రెంచి సైన్యం రైన్ తీరపు కోటల్ని ఎన్నింటినో పేల్చేసి పోయాక, చుట్టుపక్కల జనం ఆ రాళ్లు మోసుకెళ్లి ఇళ్లు కట్టుకున్నారు. బాన్ దగ్గర డ్రాఖెన్‌ఫెల్స్ కొండ రాయి కొలోన్ మహా చర్చి కట్టడానికి పోయింది. తవ్వి తవ్వి పైనున్న కోట గోడలకే ముప్పు వచ్చేసరికి, 1836లో ప్రష్యా ప్రభుత్వం ఆ శిఖరాన్ని కొనేసి కాపాడింది. అప్పటికే కొలోన్, మైంజ్ నగరాల మధ్య ఆవిరి పడవలు తిరుగుతున్నాయి. కోబ్లెంజ్ పుస్తకాల వ్యాపారి కార్ల్ బేడెకర్ రైన్ యాత్రికుల కోసం చేతిపుస్తకం అచ్చువేశాడు. కవులు, చిత్రకారులు, ఇంగ్లండు నుంచి దిగిన సంపన్నులు పడవ మీద నిలబడి కూలిన బురుజుల్ని చూసి పరవశించిపోయారు. అది నిజమైన ప్రేమే. ఆ ప్రేమ లేకపోతే చాలా కోటలు ఈపాటికి నేలమట్టమయ్యేవి. కానీ ఆ ప్రయాణానికి డబ్బు కావాలి, తీరిక కావాలి. గనికార్మికుడి ఇంట రెండూ ఉండవు.

షిర్మన్ 1874లో తూర్పు ప్రష్యాలో పుట్టాడు. 1901లో గెల్సెన్‌కిర్షెన్‌లో ఉద్యోగానికి వచ్చాడు. అది పూర్తిగా బొగ్గు ఊరు. పొగ కమ్మిన వీధుల్లో పెరిగే పిల్లలకు నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి చెట్టు గురించీ నది గురించీ పాఠం చెప్పడం ఆయనకు మనసొప్పలేదు. వీలైనప్పుడల్లా పిల్లల్ని ఊరి బయటికి నడిపించుకుపోయి అక్కడే పాఠం చెప్పేవాడు. 1903లో ఆల్టెనాకు మారి, నెట్టె బడిలో చేరాడు. చుట్టూ కొండలూ అడవులే కాబట్టి నడకలు ఇంకా పొడవయ్యాయి. అక్కడే అసలు చిక్కు వచ్చింది. పొద్దు గూకితే పిల్లలు ఎక్కడ పడుకోవాలి?

కాలినడక యాత్రలు జర్మనీలో అప్పటికే ఒక ఉద్యమం. బెర్లిన్ పక్కన స్టెగ్లిట్జ్‌లో 1901లో వాండర్‌ఫోగెల్ అనే సంఘం పుట్టింది. రీజెన్‌గెబిర్గె కొండల్లో 1884 నుంచే విద్యార్థి వసతిగృహాలు ఉన్నాయి. అవన్నీ ఉన్నత పాఠశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో చదివే ఇళ్ల పిల్లలకోసం. ప్రాథమిక బడితో చదువు ముగించి కొలిమి దగ్గరికో గనిలోకో పోయే పిల్లలకు ఆ గుమ్మాల్లో చోటు లేదు. షిర్మన్ పిల్లలు సరిగ్గా వాళ్లే.

1909 ఆగస్టు 26. ఆల్టెనా నుంచి ఆఖెన్ వైపు ఎనిమిది రోజుల నడక మీద ఆయన పిల్లలతో బయల్దేరి ఉన్నాడు. బ్రోల్ లోయలో ఉండగా ఆకాశం విరుచుకుపడింది. ఉరుములు, మెరుపులు, కుండపోత. చివరికి అక్కడి ఒక పల్లె బడిలో తరగతి గది దొరికింది. సెలవులు కాబట్టి గది ఖాళీ. బల్లలు పక్కకు జరిపి, ఒక రైతు ఇచ్చిన గడ్డి పరుచుకుని, అలసిపోయిన పిల్లలు నిద్రలోకి జారుకున్నారు. పంతులుగారికి నిద్ర పట్టలేదు. ఆ వాన రాత్రి మెలకువలోనే ఆయనకు సమాధానం దొరికింది.

ప్రతి పల్లెకూ బడి ఉంది. సెలవుల్లో ప్రతి బడీ ఖాళీగా ఉంటుంది. ఒక బడికీ ఇంకో బడికీ మధ్య దూరం ఒక రోజు నడకను మించదు. అంటే దేశమంతటా పిల్లల విడిది ఎప్పుడో కట్టి సిద్ధంగా ఉంది. కొత్తగా ఇటుక పేర్చాల్సిన పనే లేదు. రెండు గదులు చాలు, ఒకటి అబ్బాయిలకు, ఒకటి అమ్మాయిలకు. బల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే పదిహేను పక్కలకు చోటొస్తుంది. ఒక్కో పక్కకు గట్టిగా కూరిన గడ్డి పరుపు, దిండు, రెండు దుప్పట్లు, ఒక కంబళి. ఎవరి పక్క వాళ్లే శుభ్రం చేసుకోవాలి. పథకమంతా ఇంతే. ఈ చివరి నియమం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. దానివల్లే ఖర్చు తగ్గింది. సేవకులు అక్కర్లేని చోట బీదపిల్లవాడు కూడా తలెత్తుకుని ఉండగలడు.

మరుసటి ఏడాది ఆయన ఈ ఆలోచనను కొలోన్ పత్రికలో వ్యాసంగా రాశాడు. మెచ్చుకున్నవాళ్లున్నారు, సాయం పంపినవాళ్లున్నారు. హిల్షెన్‌బాఖ్‌కు చెందిన విల్‌హెల్మ్ ముంకర్ తోడై, సంస్థను నిర్మించే బరువంతా తలకెత్తుకున్నాడు. షిర్మన్ కల కంటే, ముంకర్ లెక్కలు రాశాడు, ఉత్తరాలు రాశాడు, చందాలు పోగుచేశాడు. ఇలాంటి రెండోమనిషి లేక ఎన్ని మంచి ఆలోచనలు కాగితం మీదే ఎండిపోయాయో చరిత్ర నిండా కనిపిస్తుంది. అందుకే ఆయన పేరు మరవకూడదు.

మొదటి విడిది షిర్మన్ సొంత బడిలోనే తెరుచుకుంది. కానీ తరగతి గదితో ఒక ఇబ్బంది ఉంది. సెలవులు అయిపోగానే పరుపులు చుట్టేసి బల్లలు మళ్లీ వేయాలి. ఏడాది పొడుగునా నిలిచే చోటు కావాలి. ఆ చోటు ఊరి కొండ మీదే ఉంది.

ఆల్టెనా కోట అప్పటికి ఎన్నో అవతారాలు ఎత్తింది. ఈ సీమను ఏలిన మార్క్ ప్రభువుల పూర్వీకులు కట్టుకున్నది, తర్వాతి కాలంలో దిక్కులేనివాళ్ల ఆశ్రమమైంది, జైలైంది, ఆస్పత్రి అయింది. చాలా భాగం కూలిపోయింది. మార్క్ సీమ బ్రాండెన్‌బర్గ్ పాలకుల చేతికి వచ్చి 1909కి 300 ఏళ్లు నిండుతున్నాయని, ఆ జ్ఞాపకంగా కోటను తిరిగి కట్టాలని జిల్లా అధికారి ఫ్రిట్జ్ తోమే పూనుకున్నాడు. వెంటనే గొడవ రేగింది. ఆ రోజుల్లో జర్మనీ అంతటా ఇదే వాదన. హైడెల్‌బర్గ్ కోట విషయంలో కళాచరిత్రకారుడు గెయోర్గ్ డేహియో 1901లోనే గట్టిగా రాశాడు, ఉన్నదాన్ని కాపాడండి, లేనిదాన్ని ఊహించి కట్టకండి అని. మరోవైపు అల్సాస్‌లో జర్మన్ చక్రవర్తి కోసం బోడో ఎబ్‌హార్ట్ ఒక శిథిల కోటను మళ్లీ లేపుతున్నాడు. ఆల్టెనాలో తోమే పక్షం నెగ్గింది. ఇవాళ అక్కడ చూసే గోడల్లో చాలా భాగం 20వ శతాబ్దపు పనే.

శాస్త్రం ప్రకారం డేహియో చెప్పిందే సరైనదని నేను నమ్ముతాను. ఊహతో కట్టిన బురుజు పాత బురుజు కాదు. అయినా ఆల్టెనా విషయంలో ఆ వాదనకు రెండు పక్షాల వాళ్లూ అనుకోని జవాబొకటి దొరికింది. మళ్లీ కట్టిన ఆ కోటలో, మొదటి ప్రపంచయుద్ధం రాకముందే, షిర్మన్ పిల్లలకు గదులు దక్కాయి. పడక గదులు, పగలు కూర్చునే గది, వంటకూ స్నానానికీ చోటు. బరువైన దూలాల్లాంటి చెక్కలతో చేసిన మూడంతస్తుల మంచాలు. హాస్టల్ తొలి పెద్దదిక్కు కూడా షిర్మనే. ఒకప్పుడు సామాన్యుల్ని బయటే ఆపడానికి కట్టిన ద్వారంలోంచి తీగల కార్మికుల పిల్లలు లోపలికొచ్చి, బూట్లు విప్పి, హాయిగా పడుకున్నారు. ఆ కోట చరిత్రలో ఇంతకన్నా గొప్ప సంఘటన లేదు.

యుద్ధం ఆయన్నీ లాక్కుపోయింది. 1915 క్రిస్మస్ నాడు వోజ్ కొండల్లో ఆయన దళం, ఎదురుగా ఉన్న ఫ్రెంచి సైనికులు కాల్పులు ఆపి తిండి, మద్యం ఇచ్చిపుచ్చుకోవడం ఆయన కళ్లారా చూశాడు. అన్ని దేశాల పిల్లలూ ముందే ఒకరినొకరు కలుసుకునే చోట్లు ఉంటే ఎలా ఉండేదన్న ఆలోచన ఆయన్ని వదల్లేదు. 1919లో హాస్టళ్ల దేశవ్యాప్త సంఘం ఏర్పడింది. తర్వాత కోటలు ఒకటొకటిగా పిల్లలవయ్యాయి. వెర్రా నది మీది లుడ్విగ్‌స్టైన్ శిథిలాన్ని 1920లో నడక సంఘాల యువకులే కొనుక్కుని, యుద్ధంలో పోయిన మిత్రుల గుర్తుగా బాగుచేసుకున్నారు. జావర్‌లాండ్‌లోనే బిల్‌స్టైన్, జీగ్ లోయలో ఫ్రాయిస్‌బుర్గ్ అలాగే మారాయి. బాఖరాఖ్ ఊరి పైన, 1689లో ఫ్రెంచివాళ్లు పేల్చిన స్టాలెక్ కోటను 1920లలో ప్రత్యేకంగా యూత్ హాస్టల్ కోసమే తిరిగి లేపారు. 1930ల ఆరంభానికి దేశంలో హాస్టళ్లు 2,000 దాటాయి.

1932లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యూత్ హాస్టల్ సంఘాల అంతర్జాతీయ సమావేశం జరిగింది. షిర్మన్ అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఇంతలో 1933లో నాజీలు హాస్టళ్లను హిట్లర్ యువదళం చేతుల్లో పెట్టారు. 1936లో ఆయన అంతర్జాతీయ పదవి కూడా వదులుకోక తప్పలేదు. అందరి పిల్లల కోసం తెరిచిన తలుపులు ఆ ఏళ్లలో కొందరికే తెరిచి ఉన్నాయి. ఈ సంగతి చెప్పకుండా ఈ కథ చెప్పడం తప్పు. యుద్ధం ముగిశాక ఆయన మళ్లీ పనిలో దిగాడు. 1961లో కన్నుమూశాడు.

ఆ ఆలోచన మనదాకా కూడా వచ్చింది. హిమాలయాల్లో ట్రెక్కింగుకు వెళ్లే మన యువతీయువకులు ఎందరో చేరుతున్న యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఈ చెట్టు కొమ్మే.

ఆఖెన్‌లో, డార్ట్‌మండ్‌లో ఇప్పుడు చదువుకుంటున్న తెలుగు పిల్లలకు ఒక మాట. హాగెన్‌లో రైలెక్కితే ఆల్టెనా సుమారు అరగంట. కొండ ఎక్కలేని పెద్దవాళ్లు వెంట ఉంటే, కొండ లోపలి సొరంగంలోంచి పైకి చేర్చే లిఫ్టు 2014 నుంచి ఉంది. మొదటి హాస్టల్ గదుల్ని ఆ మూడంతస్తుల మంచాలతో సహా మ్యూజియంగా ఉంచారు. పక్కనే కోటలో నేటి హాస్టల్ నడుస్తోంది. సభ్యత్వ కార్డు తీసుకోండి, పాఠశాల సెలవుల్లో అయితే ముందే బుక్ చేసుకోండి. చూసి తిరిగి వచ్చేయకండి, ఒక రాత్రి అక్కడ పడుకోండి.