తెలుగు టాకీ తొలి కథానాయిక సురభి కమలాబాయి

తెలుగు వెండితెర మీద మొట్టమొదట మాట్లాడి, పాడిన కథానాయిక సురభి కమలాబాయి గారు. 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుని తల్లి లీలావతి పాత్ర ఆమెది. అప్పటికే ఆమె సంగీత నాటకాల్లో పేరున్న నటి. నిండు చూలాలైన తల్లి వేషం కట్టి ఆడుతుండగా రంగస్థలం మీదే నొప్పులు వచ్చి కమలాబాయి పుట్టారనీ, జనం అదీ నాటకంలో భాగమే అనుకున్నారనీ ఇప్పటికీ చెప్పుకుంటారు.

సురభి వారి సంగతి మనలాంటి వాళ్లం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. మన ఇళ్లలో తెలుగు, వీధిలోకి వెళితే మరాఠీనో కన్నడమో తమిళమో ఒడియానో. వారిది దీనికి తలకిందులు. తోలుబొమ్మలు ఆడించుకుంటూ మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన కుటుంబాలవి. ఇంట్లో మరాఠీ మాట, వేదిక మీద తెలుగు పద్యం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు 'కీచక వధ' ఆడించడంతో ఆ నాటక సమాజం మొదలైంది. మిగతా సమాజాల్లో ఆడవేషాలు మగవారే కట్టేవారు. స్థానం నరసింహారావు గారి ఖ్యాతి అంతా ఆ వేషాలదే. సురభిలో మాత్రం ఆ ఇంటి ఆడవాళ్లే ఆడి పాడేవారు. మైకు లేదు. హార్మోనియం శ్రుతి మీద తీసిన రాగం చివరి వరుసలో నేల మీద కూర్చున్నవాడికీ వినబడాలి. అతను 'వన్స్ మోర్' అంటే మళ్లీ మొదటి నుంచి పాడాలి.

టాకీలకు అలాంటి గొంతే కావలసి వచ్చింది. నేపథ్య గానం ఇంకా రాలేదు. కెమెరా ముందు నటిస్తూనే పాడాలి, మాటా పాటా అప్పటికప్పుడే రికార్డు అవుతాయి. అందుకే దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి గారు ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి నాటకాన్నీ, దాన్ని ఆడే సురభి వారినీ బొంబాయి పిలిపించుకున్నారు. మునిపల్లె సుబ్బయ్య గారు హిరణ్యకశిపుడు. తర్వాత నిర్మాతగా పేరుపొందిన ఎల్.వి.ప్రసాద్ గారికీ అందులో ఓ చిన్న వేషం ఉంది.

తర్వాత బొంబాయిలోనే సాగర్ సంస్థ తీసిన 'పాదుకా పట్టాభిషేకం'లో సీతగా, 'శకుంతల'లో నాయికగా నటించారు. రెండూ 1932వే. ఆ సంస్థ హిందీ చిత్రాల్లోనూ వేశారు. మా తరం వాళ్లకు ఆమె ముఖం చూపిస్తే గుర్తుపట్టేది మాత్రం 'పాతాళభైరవి'లో తోటరాముడి తల్లిగానే. అది 1951. అంతటి గాయనికి అమ్మ వేషమే గుర్తింపుగా మిగలడం నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

ఇక తేదీ విషయం. 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం రాసుకున్నాం. ఇప్పటికీ కొన్ని సంఘాలు తెలుగు సినిమా పుట్టినరోజు ఆనాడే జరుపుతున్నాయి. పాత్రికేయులు రెంటాల జయదేవ గారు ఆనాటి ఆధారాలు వెదికి, విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అని నిరూపించారు. వచ్చే ఏడాది కార్యక్రమాల పట్టిక వేసుకునేవారు ఆ తేదీ సరిచూసుకోండి. ముంబై సంఘాలకు ఇందులో ఇంకో హక్కు కూడా ఉంది. ఆ సినిమా మొదట పడింది అక్కడి కృష్ణా థియేటర్‌లోనే.