జైల్లో ఉండి పోటీ చేయొచ్చు, ఓటు మాత్రం వేయకూడదు: ఈ రూల్ ఎక్కడి నుంచి వచ్చింది?

2024 లోక్‌సభ ఎన్నికల ఫలితాలు గుర్తున్నాయా? ఆ రోజు ఇద్దరు ఎంపీలు జైల్లో ఉండే గెలిచారు. ఒకరు ఇంజనీర్ రషీద్. కశ్మీర్‌లోని బారాముల్లాలో మాజీ ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లాని 2 లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు. అప్పటికి ఆయన ఢిల్లీ తిహార్ జైల్లో ఉన్నారు. రెండో వ్యక్తి అమృత్‌పాల్ సింగ్. పంజాబ్‌లోని ఖడూర్ సాహిబ్‌లో గెలిచారు. ఆయన ఉన్నది ఎక్కడో అస్సాంలోని డిబ్రూగఢ్ జైల్లో.

వాళ్ల రాజకీయాలు మనకు నచ్చాయా లేదా అన్నది వేరే సంగతి, ఈ ఎపిసోడ్ దాని గురించి కాదు. ఇక్కడ ఒక చిన్న తమాషా ఉంది, అది చూడండి. ఇద్దరూ జైల్లోనే ఉన్నారు. ఇద్దరూ పోటీ చేశారు, గెలిచారు. కానీ ఆ ఎన్నికల్లో ఓటు వేసే హక్కు ఇద్దరిలో ఒక్కరికే ఉంది. అమృత్‌పాల్‌కి ఉంది, రషీద్‌కి లేదు.

ఎందుకు? రషీద్ ఉన్నది విచారణ ఖైదీగా. అంటే కేసు నడుస్తోంది, నేరం ఇంకా రుజువు కాలేదు. అమృత్‌పాల్‌ని జాతీయ భద్రతా చట్టం కింద ముందుజాగ్రత్తగా నిర్బంధించారు. మన దగ్గర పీడీ యాక్ట్ అంటాం కదా, ఆ టైపు. మన చట్టం ప్రకారం పీడీ యాక్ట్ కింద లోపలున్న వాళ్లు పోస్టల్ బ్యాలెట్‌తో ఓటు వేయొచ్చు. సెల్‌ఫోన్ దొంగతనం కేసులో బెయిల్ దొరక్క లోపలున్న కుర్రాడు వేయకూడదు. ప్రభుత్వం ఎవరినైతే ప్రమాదకరం అనుకుని లోపల పెట్టిందో వాళ్లకి ఓటు ఉంది, ఏ కోర్టూ ఇంకా దోషి అనని వాడికి లేదు.

ఈ వింత రూల్ ఎలా పుట్టింది? దాని కోసం 150 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

పాతకాలం ఇంగ్లండ్‌లో రాజద్రోహం లాంటి పెద్ద నేరం చేస్తే మనిషి చట్టం దృష్టిలో చచ్చినట్టే లెక్క. ఆస్తి పోతుంది, హక్కులు పోతాయి, వారసులకి కూడా ఏమీ మిగలదు. 1870లో అక్కడి పార్లమెంటు ఫర్‌ఫీచర్ యాక్ట్ అని ఒక చట్టం తెచ్చింది. ఆస్తి లాక్కోవడం ఆపేసింది. కానీ పెద్ద నేరాల్లో 12 నెలలకు మించి శిక్ష పడితే ఓటు పోతుంది అన్న మాట మాత్రం అందులో ఉంచింది. అంటే ఖైదీకి ఓటు లేకపోవడం అనేది ప్రజాస్వామ్యంలోంచి పుట్టిన ఆలోచన కాదు. రాజుల కాలం నాటి శిక్షలో మిగిలిపోయిన ముక్క.

అదే ఆలోచన ఓడెక్కి ఇండియాకి వచ్చింది. 1935 గవర్నమెంట్ ఆఫ్ ఇండియా యాక్ట్‌లో ద్వీపాంతరవాసం గానీ, కఠిన శిక్ష గానీ, జైలు శిక్ష గానీ అనుభవిస్తున్న వాళ్లు ఓటు వేయకూడదు అని రాశారు. ఇక్కడ కాస్త ఆగండి. "శిక్ష అనుభవిస్తున్న వాళ్లు" అన్నారు. బ్రిటిష్ వాళ్లు రాసిన ఆ చట్టం కూడా శిక్ష పడ్డవాళ్ల దగ్గరే ఆగింది.

తర్వాత స్వాతంత్ర్యం వచ్చింది. రాజ్యాంగం 326వ అధికరణంలో వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. చదువు లేకపోయినా, ఆస్తి లేకపోయినా, ఆడవాళ్లయినా మగవాళ్లయినా ఒక్కటే ఓటు. ప్రపంచంలో చాలా దేశాలు వందేళ్లు తన్నుకుని సాధించింది మనం ఒక్క సంతకంతో తెచ్చుకున్నాం. ఓటు తీసేయడానికి ఏ కారణాలు ఉండొచ్చో కూడా అక్కడే చెప్పారు: ఆ ఊళ్లో నివాసం లేకపోవడం, మతిస్థిమితం లేకపోవడం, నేరం, ఎన్నికల అక్రమాలు. అందులో "నేరం" అని ఉంది, "ఆరోపణ" అని లేదు.

ఆ తర్వాతి ఏడాది, 1951లో ప్రజాప్రాతినిధ్య చట్టం వచ్చింది. అందులో 62వ సెక్షన్, 5వ సబ్‌సెక్షన్. జైలు శిక్ష వల్ల గానీ, ద్వీపాంతర శిక్ష వల్ల గానీ, "ఆర్ అదర్‌వైజ్", అంటే మరే కారణంగానైనా గానీ జైల్లో ఉన్నవాళ్లు, అలాగే పోలీసుల కస్టడీలో ఉన్నవాళ్లు ఏ ఎన్నికల్లోనూ ఓటు వేయకూడదు. ఆ "ఆర్ అదర్‌వైజ్" చూశారా? మొత్తం కథంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. తెల్లవాళ్ల చట్టం శిక్ష పడ్డవాళ్లనే ఆపితే, మన చట్టం శిక్ష పడని వాళ్లని కూడా కలిపేసింది. ముందుజాగ్రత్త నిర్బంధంలో ఉన్నవాళ్లకి మాత్రం మినహాయింపు ఇచ్చింది.

అది ఏ రోజులో గుర్తు చేసుకోండి. తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబర్‌లో విరమించారు. కొన్ని నెలలకే దేశంలో తొలి సాధారణ ఎన్నికలు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి వాళ్లు పీడీఎఫ్ పేరుతో నిలబడ్డారు. నల్గొండలో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. అంత గొప్ప ఎన్నిక. అయినా చాలామంది అప్పటికింకా జైళ్లలోనే ఉన్నారు. వాళ్లలో కేసు విచారణ ఎదుర్కొంటున్న వాళ్లకి ఈ కొత్త చట్టం ప్రకారం ఓటు లేదు.

ఇప్పుడు 1977కి వద్దాం. ఎమర్జెన్సీ తర్వాత ఎన్నికలు. జార్జ్ ఫెర్నాండెజ్ బరోడా డైనమైట్ కేసులో జైల్లో ఉన్నారు. బిహార్‌లోని ముజఫర్‌పూర్ నుంచి పోటీకి దిగారు. బేడీలు వేసిన చేతులు పైకెత్తిన ఆయన ఫొటోనే ప్రచారం. 3 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. ప్రభుత్వం మారింది, కేసు ఎత్తేశారు, ఆయన కేంద్ర మంత్రి అయ్యారు. పేరున్న ఖైదీకి దేశం ఎలా దారి ఇస్తుందో చెప్పే కథ ఇది.

పేరు లేని ఖైదీల కథ రెండేళ్లకి బయటికొచ్చింది. అదీ బిహార్‌లోనే. 1979లో హుసైనారా ఖాతూన్ కేసు. పేపర్లో వచ్చిన కథనాలు చూసి న్యాయవాది కపిలా హింగోరానీ గారు సుప్రీంకోర్టుకి వెళ్లారు. తీరా చూస్తే బిహార్ జైళ్లలో కొందరు విచారణ ఖైదీలు ఏళ్ల తరబడి ఉన్నారు. నేరం రుజువైనా పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ పేరుతోనే గడిపేశారు. బెయిల్‌కి కట్టే డబ్బు లేదు, షూరిటీ ఇచ్చే మనిషి లేడు. జస్టిస్ పి.ఎన్. భగవతి బెంచ్ వాళ్లని విడుదల చేయించింది, సత్వర విచారణ ప్రాథమిక హక్కు అని చెప్పింది. కానీ ఇంకో నష్టం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. లోపలున్న ఆ ఏళ్లలో ఎన్ని ఎన్నికలు వచ్చినా వాళ్లకి ఓటు లేదు. పోయిన ఏళ్లతో పాటు పోయిన ఓట్లు కూడా ఉన్నాయి.

మరి ఈ రూల్ మీద కోర్టుకి ఎవరూ వెళ్లలేదా? వెళ్లారు. 1997లో అనుకూల్ చంద్ర ప్రధాన్ కేసులో సుప్రీంకోర్టు 62(5) కరెక్టే అంది. చెప్పిన కారణాలు ముఖ్యంగా మూడు. ఒకటి, ఖైదీలందరితో ఓటు వేయించాలంటే చాలామంది పోలీసులు, ఏర్పాట్లు కావాలి, అన్ని వనరులు లేవు. రెండు, తన ప్రవర్తన వల్ల జైలుకెళ్లిన మనిషి బయటివాళ్లతో సమానంగా స్వేచ్ఛ అడగలేడు. మూడు, నేర చరిత్ర ఉన్నవాళ్లని ఎన్నికలకి దూరంగా ఉంచాలి. 2020లో లా స్టూడెంట్స్ వేసిన పిటిషన్‌ని ఢిల్లీ హైకోర్టు కూడా దాదాపు ఇదే దారిలో కొట్టేసింది.

ఆ మూడో కారణం గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే 2013లో దానికి ఏమైందో చెప్తాను. జన్ చౌకీదార్ అనే సంస్థ ఒక మంచి ప్రశ్న వేసింది. ఓటు వేయడానికే పనికిరాని మనిషి పోటీకి ఎలా పనికొస్తాడు? పట్నా హైకోర్టు 2004లో అవును, పనికిరాడు అంది. 2013 జులై 10న సుప్రీంకోర్టు కూడా అదే అంది. అంటే జైల్లో ఉంటే పోటీ కూడా లేదు.

ఢిల్లీలో గగ్గోలు మొదలైంది. ఎన్నికల ముందు ఒక దొంగ కేసు పెట్టి ప్రత్యర్థిని లోపల వేస్తే చాలు కదా, పోటీ నుంచి తప్పించినట్టే! ఆ భయం నిజమైనదే, కాదనలేం. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లోనే పార్లమెంటు చట్టాన్ని సవరించింది. జైల్లో ఉన్నవాడు ఓటు వేయలేకపోయినా ఓటరుగానే ఉంటాడు, కాబట్టి పోటీ చేయొచ్చు అంది. పైగా జులై 10 నుంచే వర్తించేలా రాశారు.

ఇక్కడే నా బాధ. దొంగ కేసు పెట్టొచ్చు, నేరం రుజువు కాలేదు, నిర్దోషి అయ్యుండొచ్చు. ఈ మాటలన్నీ విచారణ ఖైదీ ఓటుకి కూడా అచ్చంగా సరిపోతాయి. కానీ నాయకుడి పోటీ హక్కుకి రెండు నెలల్లో మందు దొరికింది. మామూలు ఖైదీ ఓటుకి 1951 నుంచి దొరకలేదు.

నాయకులకైనా ఈ రూల్ ఒకేలా ఉంటుందా అంటే అదీ లేదు. 2012 జులైలో రాష్ట్రపతి ఎన్నిక జరిగింది. అప్పుడు కడప ఎంపీగా ఉన్న వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి గారు చంచల్‌గూడ జైల్లో విచారణ ఖైదీగా ఉన్నారు. అనుమతి తీసుకుని హైదరాబాద్ అసెంబ్లీకి వచ్చి ఓటు వేసి తిరిగి జైలుకెళ్లారు. రాష్ట్రపతి ఎన్నికకి చట్టం వేరు కాబట్టి 62(5) అడ్డం రాలేదు. 2022 జూన్‌లో మహారాష్ట్ర ఎమ్మెల్యేలు అనిల్ దేశ్‌ముఖ్, నవాబ్ మాలిక్ జైలు నుంచే రాజ్యసభ ఎన్నికలో ఓటేస్తామని అడిగారు. కోర్టులు కుదరదన్నాయి, ఎందుకంటే ఆ ఎన్నిక ఈ చట్టం కిందకే వస్తుంది.

సరే, బయటి దేశాల్లో ఏం చేశారు? మనకి ఈ రూల్ ఇచ్చిన బ్రిటన్‌లోనే ఇప్పుడు విచారణ ఖైదీలు ఓటు వేస్తారు. శిక్ష పడ్డవాళ్లకి మాత్రం చాలావరకు లేదు. అందరినీ ఒకే గాటన కట్టేయడం తప్పని యూరప్ మానవ హక్కుల కోర్టు 2005లోనే హర్స్ట్ కేసులో చెప్పింది. బ్రిటన్ ఏళ్ల తరబడి మొరాయించి, చివరికి చిన్న చిన్న సడలింపులతో సరిపెట్టింది.

దక్షిణాఫ్రికా కథ ఇంకా గట్టిది. అక్కడ మండేలా లాంటి వాళ్లు దశాబ్దాలు జైల్లో ఉన్నారు, నల్లవాళ్లకి బయట ఉన్నా ఓటు లేదు. 1999లో ఖైదీల ఓటు కేసు రాజ్యాంగ కోర్టుకి వచ్చింది. తీర్పు రాసింది జస్టిస్ ఆల్బీ సాక్స్. వర్ణవివక్ష ప్రభుత్వం ఆయన్ని ఏకాంత నిర్బంధంలో ఉంచింది, 1988లో కారు బాంబు పేలుడులో ఒక చెయ్యి, ఒక కంటి చూపు పోయాయి. ఓటు అనేది మనిషికి ఉన్న గౌరవానికి గుర్తు, ప్రతి ఒక్కరూ లెక్కలోకి వస్తారని ఓటు చెప్తుంది అన్నది ఆ తీర్పు సారాంశం. ఖైదీలందరినీ ఓటర్లుగా నమోదు చేయమని ఎన్నికల కమిషన్‌ని ఆదేశించారు. తర్వాత అక్కడి ప్రభుత్వం, జరిమానా కట్టి బయటపడే అవకాశం లేని శిక్ష పడ్డవాళ్ల ఓటు తీసేయాలని చూసింది. ఖర్చు ఎక్కువ, ఏర్పాట్లు కష్టం అంది. మన దగ్గర చెప్పినవే! 2004లో కోర్టు ఆ కారణాలు చాలవంది.

ఇప్పుడు మీలో కొందరు అనుకుంటూ ఉంటారు: "అన్నా, హత్య చేసినవాడికి కూడా ఓటా? చనిపోయినవాళ్ల ఇంట్లో వాళ్లు ఏమనుకుంటారు?" న్యాయమైన ప్రశ్నే. శిక్ష పడ్డవాళ్ల విషయంలో దేశాలే ఒక మాట మీద లేవు. ఏ నేరానికి, ఎంత శిక్షకి ఓటు పోవాలి అన్నది కూర్చుని తేల్చాల్సిన చర్చ. జైల్లో గ్యాంగ్ లీడర్లు, సిబ్బంది ఒత్తిడి పెట్టి ఓట్లు వేయించుకుంటారేమో అన్న భయమూ ఉంది. దానికి రహస్య ఓటింగ్ ఏర్పాటు ఉండాలి. ఓటు జైలు ఉన్న ఊరికి కాకుండా ఖైదీ సొంత నియోజకవర్గానికి వెళ్లాలి.

కానీ ఆ చర్చ తేలేదాకా విచారణ ఖైదీ ఎందుకు ఆగాలి? లెక్క చూడండి. 2022 చివరికి దేశంలో ఖైదీలు 5,73,220 మంది. వాళ్లలో విచారణ ఖైదీలు 4,34,302. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు. అందరి పేర్లూ ఓటరు లిస్టులో ఉండకపోవచ్చు, అయినా ఆ సంఖ్య మన దగ్గర దాదాపు రెండు అసెంబ్లీ నియోజకవర్గాల ఓటర్లంత.

ఏర్పాట్లు కష్టం అన్న మాట కూడా నిలబడదు. పీడీ యాక్ట్ ఖైదీల పేర్లు ప్రభుత్వం రిటర్నింగ్ ఆఫీసర్‌కి పంపాలి, అక్కడి నుంచి పోస్టల్ బ్యాలెట్ రావాలి అని రూల్స్‌లో ఇప్పటికే ఉంది. అదే దారిలో ఇంకో కవరు పంపడమే.

ఇంకో ముక్క చెప్పి ముగిస్తాను. కింది కోర్టులో దోషి అని తేలి, పైకోర్టులో అప్పీలు వేసుకుని బెయిల్ మీద ఇంట్లో ఉన్న పెద్దమనిషిని 62(5) ఆపదు. పోలింగ్ రోజు వెళ్లి వేలికి సిరా వేయించుకుని సెల్ఫీ కూడా పెట్టుకోవచ్చు. నేరం రుజువు కాకుండా, షూరిటీ లేక లోపలున్న కూలీ ఓటు వేయలేడు. అందుకే నేనంటాను, ఈ రూల్ నేరాన్ని చూడట్లేదు, గోడకి ఎటువైపు ఉన్నావో చూస్తోంది. గోడ దాటాలంటే డబ్బో, లాయరో, తెలిసిన మనిషో కావాలి. ఆస్తి ఉన్నవాడికే ఓటు అన్న బ్రిటిష్ కాలం పద్ధతిని 1950లో తలుపు దగ్గరే ఆపేశాం అనుకున్నాం. అది జైలు కిటికీలోంచి మళ్లీ లోపలికొచ్చింది.

మార్చడానికి రాజ్యాంగాన్ని ముట్టుకోవక్కర్లేదు. 62(5)లోంచి ఆ "ఆర్ అదర్‌వైజ్"ని, పోలీసు కస్టడీ ముక్కని తీసేస్తూ పార్లమెంటు ఒక సవరణ చేస్తే చాలు. 2013లో రెండు నెలల్లో చేయగలిగారు కదా.

శిక్ష పడ్డవాళ్లకి ఓటు ఉండాలా వద్దా, ఉంటే ఎవరికి ఉండాలి? మీ మాట కామెంట్‌లో రాయండి, తిట్టుకోకుండా వాదించుకుందాం. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.