రాజశేఖర చరిత్రము: కథనము, సంఘర్షణము

గోదావరీ మండలమున బుట్టి, పాఠశాలలలో తరతరముల విద్యార్థులు చదివిన నవల రాజశేఖర చరిత్రము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848-1919) దీనిని 1878లో తమ వివేకవర్ధని పత్రికయందు ప్రకటింప నారంభించి, 1880లో గ్రంథముగా వెలువరించిరి. వారు దీనిని వచనప్రబంధ మనిరి. నవల యను పేరు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు పెట్టినది.

పరీక్షకై కథాసంగ్రహమును వల్లించు బాలురు సాధారణముగా విడిచిపెట్టు ప్రశ్నలు రెండు గలవు. ఈ కథను చెప్పువాడెవడు? ఇందలి పోరు ఎవరికి, ఎవరితో?

ఆంగ్లకవి గోల్డ్‌స్మిత్తు 1766లో ప్రకటించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు' ఈ గ్రంథమునకు ప్రేరణము. అందు మతాచార్యుడు తన కథను తానే చెప్పుకొనును. కావున ఆతని అమాయకత్వమును ఆతని మాటలనుండియే పాఠకుడు కనిపెట్టవలయును. పంతులుగారట్లు చేయక కథకుని వెలుపల నిలిపిరి. గోదావరి పుట్టుక మొదలు ధవళేశ్వరము వఱకు వర్ణించిన పిదపగాని రాజశేఖరుడు మనకు గానరాడు. ఇందువలన గలిగిన లాభమేమనగా, అతడు మోసపోవుటకు ముందే పాఠకుడు మోసమును గుర్తించును. బంగారము చేసెదనన్న బైరాగిని అతడు నమ్ముచుండగా మనము నవ్వుదుము. మఱుక్షణమున, మనము నమ్మిన బైరాగులు జ్ఞప్తికి వచ్చి తల వంచుకొందుము.

ఇక సంఘర్షణము. ఇందు రావణునివంటి ప్రతినాయకుడు లేడు. రాజశేఖరుని కలిమిని హరించినవారు తలుపు పగులగొట్టి రాలేదు. అతడే తలుపు తీసెను. పొగడ్తకు గొంత, మూఢవిశ్వాసమునకు గొంత, పద్దు వెంబడి పద్దుగా ఆ సంపద ఖర్చు వ్రాయబడెను. కావున అసలు పోరు ఒక్క మనుష్యుని లోపల, వివేకమునకును భ్రాంతికిని నడచినది.

అయితే ముగింపున నొక చిక్కు గలదు. రాజశేఖరుని గట్టెక్కించినది అతని వివేకము గాదు, మాఱువేషమున దిరుగు పెద్దాపురపు ప్రభువు. భర్త మరణించెనన్న వార్త విని దుఃఖించిన రుక్మిణికి తుదకు భర్త ప్రాణములతో తిరిగివచ్చును. అనగా, వితంతువునకు మరల వివాహము తగునా యన్న ప్రశ్నను కథ అడుగకయే దాటిపోయినది.

ఆ ప్రశ్నను పంతులుగారు మాత్రము దాటిపోలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. ఆ వధువునకు తిరిగివచ్చు భర్త లేడు. ఆదుకొన మాఱువేషపు మహారాజును రాలేదు. బహిష్కారమును సహించి నిలిచినవారు పంతులుగారును, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారును, కొలదిమంది మిత్రులును. కథలో దైవవశమున దీరిన చిక్కును, లోకమున మనుష్యులే తీర్పవలసి వచ్చెను.

గ్రంథాలయమున ఈ పుస్తకమును గైకొను బాలబాలికలు కథతోబాటు ఈ ప్రశ్నలను గూడ తమ యిండ్లకు గొనిపోవుదురు గాక!