బంతాటలో రెండు బెంగాల్‌లు, బయట వుండిపోయిన మూడోది

ఫుట్‌బాల్‌కి కులమేమిటండీ అని అడిగేవాళ్లు మనలోనే వున్నారు. మైదానంలో దిగాక పదకొండుమందీ ఒకటే, బంతి ఎవరి కాలికి తగిలినా బంతే అంటారు. మాట బాగానే వుంది. కానీ మైదానంలోకి ఎవరు దిగారు, ఎవర్ని దిగనిచ్చారు, గ్యాలరీలో కూచుని ఎవరు చూశారు, అసలు ఆ వూళ్లోనే ఎవర్ని వుండనివ్వలేదు అని అడగడం మొదలుపెడితే, ఆట చరిత్ర కూడా మిగతా చరిత్ర లాంటిదేనని తెలిసిపోతుంది. కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ క్లబ్బుల మధ్య నూరేళ్లుగా నడుస్తున్న వైరాన్ని ఈ ప్రశ్నలతో చూద్దాం.

అందరూ చెప్పే కథ ఇదీ. మోహన్ బగాన్ 'ఘోటీ'ల క్లబ్బు. అంటే మొదట్నుంచీ పశ్చిమ బెంగాల్లో వున్నవాళ్లది. ఈస్ట్ బెంగాల్ 'బాంగాల్'ల క్లబ్బు. అంటే పద్మా నదికి అవతలినుంచి వచ్చినవాళ్లది. వాళ్లది ఆకుపచ్చా మెరూన్ చొక్కా, వీళ్లది ఎరుపూ బంగారం. వాళ్ల గుర్తు తెరచాప పడవ, వీళ్లది కాగడా. మోహన్ బగాన్ గెలిస్తే ఆ ఇళ్లలో రొయ్యలు వండుతారు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ చేప, అదే మన గోదావరి జిల్లాల్లో పులస. 1997 జూలై 13న సాల్ట్‌లేక్ స్టేడియంలో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కి 1,31,000 మందికి పైగా వచ్చారు. ఆ రోజు ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. ఆసియాలో ఇంత జనాన్ని కదిలించే క్లబ్బుల తగువులు చాలా తక్కువ.

ఇది రెండు ప్రాంతాల తగువు అని అందరూ రాస్తారు. అబద్ధం కాదు. అయితే ఆ రెండు ప్రాంతాల పేరు మీదా మాట్లాడింది ఒకే వర్గం. బ్రాహ్మణ, కాయస్థ, వైద్య కులాల నుంచి వచ్చిన ఆ వర్గాన్ని బెంగాల్లో 'భద్రలోక్' అంటారు. భద్రలోక్ లోపలి తగువు బెంగాల్ మొత్తం తగువు ఎట్లా అయింది? అందులో చోటు దొరకనివాళ్లు ఎక్కడికి పోయారు? అడగాల్సింది అది.

కుమ్మరి కొడుకు

కలకత్తా ఫుట్‌బాల్లో కులం గొడవ ఈ రెండు క్లబ్బుల వైరం కంటే పాతది. 1880ల్లో నగేంద్రప్రసాద్ సర్వాధికారి అనే కాయస్థ యువకుడు వెల్లింగ్టన్ క్లబ్బు నడిపేవాడు. మణిదాస్ అనే కుమ్మరి కొడుకును సభ్యుడిగా తీసుకోబోతే పెద్దింటి సభ్యులు ఒప్పుకోలేదు. నగేంద్రప్రసాద్ ఆ క్లబ్బునే రద్దు చేసి, శోభాబజార్ క్లబ్బు పెట్టి, అందులో మణిదాస్‌కి మొదటి సభ్యత్వం ఇచ్చాడు. 1892లో అదే శోభాబజార్ క్లబ్బు ఈస్ట్ సర్రే రెజిమెంట్ మీద ట్రేడ్స్ కప్ మ్యాచ్ గెలిచింది.

ఈ కథను నగేంద్రప్రసాద్ గొప్పతనానికి ఉదాహరణగా చెప్తారు. ఆయన చేసింది మంచిపనే. కానీ కథని మణిదాస్ వైపునుంచి చూడండి. ఒక కుమ్మరి కుర్రవాడు బంతి తన్నాలంటే ఒక క్లబ్బు రద్దు కావాల్సి వచ్చింది. పైగా ఆ బంతి తోలుది. తోలుని తన్నే కాలికి అంటని మైల, దాన్ని కుట్టిన చేతికి మాత్రం అంటుకుని వుండిపోయింది.

1911లో మూడు గెలుపులు

మోహన్ బగాన్ 1889 ఆగస్టు 15న ఉత్తర కలకత్తాలో పుట్టింది. మొదటి అధ్యక్షుడు భూపేంద్రనాథ్ బోస్ పేరున్న లాయరు, 1914లో మద్రాసు కాంగ్రెస్‌కి అధ్యక్షుడు. 1911 జూలై 29న ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ ఫైనల్లో ఈ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించింది. పదకొండుమందిలో పదిమంది ఉత్త కాళ్లతో ఆడారు. బూట్లు వేసుకున్నది సుధీర్ చటర్జీ ఒక్కడే. శివదాస్ భాదురీ, అభిలాష్ ఘోష్ గోల్స్ కొట్టారు. దేశమంతా పండగ చేసుకుంది.

ఆ పదకొండు పేర్లూ చదవండి. ముఖర్జీ, చటర్జీ, భట్టాచార్య, భాదురీ, సేన్‌గుప్తా, ఘోష్, సర్కార్, రాయ్... దాదాపు అన్నీ భద్రలోక్ ఇంటిపేర్లే. ఇంకో సంగతి. వీళ్లలో చాలామంది తూర్పు బెంగాల్ మూలాలున్నవాళ్లు. అప్పటికి ఘోటీ, బాంగాల్ తేడా జట్టుకి అడ్డురాలేదు. ప్రాంతం కలిసిపోయింది, కులం కలవలేదు.

అదే 1911లో ఇంకో గెలుపు వుంది. తూర్పు బెంగాల్ హిందువుల్లో సంఖ్యలో పెద్దదైన రైతు కులాన్ని అంతవరకూ సర్కారు లెక్కల్లో 'చండాల' అని రాసేవారు. ఆ పేరు మాకొద్దు అని వాళ్లు దశాబ్దాల తరబడి పోరాడారు. ఫరీద్‌పూర్ జిల్లా ఓరాకాందీలో హరిచంద్ ఠాకూర్ మొదలుపెట్టిన మతువా వుద్యమాన్ని ఆయన కొడుకు గురుచంద్ ఠాకూర్ బడులతో, సంఘాలతో పెంచాడు. 1911 జనాభా లెక్కల్లో 'నామశూద్ర' అన్న పేరు ఎక్కింది. వీళ్ల నాయకులు 1905 నాటి స్వదేశీ వుద్యమానికి దూరంగా వున్నారు. తమని అంటరానివాళ్లన్న బాబుల పక్కన నిలబడి విదేశీ బట్ట తగలబెట్టాల్సిన అవసరం వాళ్లకి కనపడలేదు.

మూడో గెలుపు ఇంగ్లండ్‌లో. పూనాలో ఎదిగిన పల్వంకర్ బాలూ, తోలుపని చేసే చమార్ కులంవాడు, ఆ యేడు భారత క్రికెట్ జట్టుతో వెళ్లి వందకి పైగా వికెట్లు తీశాడు. మూడు గెలుపుల్లో పాఠ్యపుస్తకాలకి ఎక్కింది ఒకటే. మిగిలిన రెండూ మన పత్రికలు వెతికి తీసేదాకా మూలన పడి వున్నాయి.

జోరాబగాన్‌లో మొదలైన అలక

1920 జూలై 28న కూచ్ బిహార్ కప్‌లో మోహన్ బగాన్ మీద జోరాబగాన్ జట్టు ఆడింది. జోరాబగాన్ ఆటగాడు శైలేష్ బోస్‌ని జట్టులోంచి తీసేశారు. తూర్పు బెంగాల్ వాడు కాబట్టే తీసేశారని ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్‌చంద్ర చౌధురికి కోపం వచ్చింది. ఆయన బయటికొచ్చి, ఆగస్టు 1న మిత్రులతో కలిసి ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పెట్టాడు. ఫస్ట్ డివిజన్ లీగ్‌లో రెండుకి మించి భారతీయ క్లబ్బులు వుండకూడదన్న నియమం మీద కొట్లాడి 1925లో పైకి వచ్చారు. ఆ యేడు మే 28న లీగ్‌లో మోహన్ బగాన్‌ని మొదటిసారి ఎదుర్కొని 1-0తో గెలిచారు. గోల్ కొట్టినవాడు నేపాల్ చక్రవర్తి.

వివక్ష నిజమే. బాంగాల్‌ల యాసని, తిండిని కలకత్తావాళ్లు ఎగతాళి చేసేవారు. యాస పేరుతో ఎగతాళి పడటం ఏమిటో మన తెలుగునాట వేరే చెప్పక్కర్లేదు. కానీ ఈ సురేశ్‌చంద్ర చౌధురి ఎవరు? తూర్పు బెంగాల్ జమీందారీ కుటుంబం మనిషి. అక్కడి జమీందార్లు చాలామంది కలకత్తాలో కాపురముండి, అక్కడి ముస్లిం, నామశూద్ర రైతుల శిస్తుతో బతికేవారు. తమ వూరి పొలంలో తాము చూపించే వివక్ష కలకత్తాలో తమ మీదికి వచ్చేసరికి దాన్ని గుర్తుపట్టారు. తమ పాలేరుకి జరిగేదాన్ని మాత్రం గుర్తుపట్టలేదు. క్లబ్బు పేరు 'ఈస్ట్ బెంగాల్' అయింది గానీ, ఆ పేరున్న నేలని దున్నేవాడికి ఆ పేరులో వాటా లేదు.

ఈ రెండింటి మధ్య మూడో క్లబ్బు మొహమెడన్ స్పోర్టింగ్ వుంది. 1934లో కలకత్తా లీగ్ గెలిచిన మొదటి భారతీయ జట్టు అదే. 1938 దాకా వరసగా అయిదుసార్లు గెలిచింది. మోహన్ బగాన్‌కి మొదటి లీగ్ 1939లో, ఈస్ట్ బెంగాల్‌కి 1942లో వచ్చాయి. 1911 గెలుపుని 'జాతి గెలుపు' అన్న పెద్దమనుషులు చాలామందికి 1934 గెలుపు మాత్రం 'ముస్లింల గెలుపు'. జాతి అనే మాటకి హద్దులు ఎవరు గీస్తారో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

కాలనీ, క్యాంపు

1947 తర్వాత ఈస్ట్ బెంగాల్ క్లబ్బు అర్థమే మారిపోయింది. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్లకి ఆ ఎర్ర బంగారు చొక్కా పోయిన దేశమైంది. 1949లో ఆ జట్టు లీగ్, షీల్డ్, రోవర్స్ కప్ మూడూ గెలిచింది. 1975లో షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని 5-0తో ఓడించింది. ఆ గెలుపులు కాందిశీకులకి ఇచ్చిన ధైర్యాన్ని తక్కువ చెయ్యక్కర్లేదు. గ్యాలరీలో అరిచిన వాళ్లలో పేదలూ, కింది కులాలవాళ్లూ లేకపోలేదు.

కానీ ఏ కాందిశీకులు? మొదటి విడతలో వచ్చినవాళ్లలో ఎక్కువమంది చదువూ, చుట్టాలూ, ఉద్యోగాలూ వున్న భద్రలోక్. వాళ్లు కలకత్తా దక్షిణాన జాదవ్‌పూర్ చుట్టుపక్కల ఖాళీ జాగాల్లో గుడిసెలు వేసి, పోరాడి, బిజయ్‌గఢ్, ఆజాద్‌గఢ్ లాంటి కాలనీలు నిలబెట్టుకున్నారు. నామశూద్ర రైతులు ఎక్కువగా 1950 అల్లర్ల తర్వాత వచ్చారు. అంబేడ్కర్‌ని 1946లో బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకి పంపడానికి ముందుండి పనిచేసిన జోగేంద్రనాథ్ మండల్, పాకిస్తాన్ మంత్రి పదవికి రాజీనామా చేసి ఇటు వచ్చింది కూడా 1950లోనే. ఈ రైతులకి కలకత్తాలో చుట్టాల్లేరు. వాళ్లకి దొరికింది సర్కారీ క్యాంపు. అక్కణ్నుంచి అండమాన్‌కి, 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద కోరాపుట్, బస్తర్ అడవులకి తోలారు. మన కాగజ్‌నగర్ పక్కన కూడా ఇట్లాంటి బెంగాలీ క్యాంపులు వెలిశాయి.

1978లో దండకారణ్యం నుంచి వేలమంది తిరిగి బెంగాల్ బయల్దేరారు. సుందర్‌బన్స్‌లో మరిచ్‌ఝాపీ దీవిలో బడి, ఆసుపత్రి కట్టుకున్నారు. 1979 జనవరిలో లెఫ్ట్‌ఫ్రంట్ ప్రభుత్వం దీవిని దిగ్బంధం చేసింది. మే నెలలో ఖాళీ చేయించింది. చనిపోయినవాళ్ల సంఖ్య మీద సర్కారు మాటకీ, బతికినవాళ్ల మాటకీ ఇప్పటికీ పొంతన లేదు. పదిహేను నెలల తర్వాత, 1980 ఆగస్టు 16న, ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు క్లబ్బుల మ్యాచ్‌లో గొడవై 16 మంది చనిపోయారు. ఆ తేదీన యేటా రక్తదానం చేసి వాళ్లని తల్చుకుంటారు. తల్చుకోవాల్సిందే. మరిచ్‌ఝాపీలో పోయినవాళ్లూ తూర్పు బెంగాల్‌వాళ్లే. వాళ్లకి కలకత్తా క్యాలెండర్లో తేదీ లేదు.

అమ్ముగూడ కుర్రవాడు

క్లబ్బు రక్తం చూసి మనిషిని తీసుకుంటుందా అంటే అదీ కాదు. 1949 నాటి గెలుపులు తెచ్చిన అయిదుగురు ఫార్వర్డ్‌లు వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్‌ఖాన్, సాలె. అందరూ దక్షిణాది వాళ్లు. 1957లో సికిందరాబాద్ అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం వెళ్లాడు. 1936లో పేదింట్లో పుట్టిన మనిషి. కొత్తవి కొనే స్థోమత లేక, పాత పోలీసు బూట్లని ఫుట్‌బాల్ బూట్లుగా కుట్టించుకున్నాడు. కోచ్ రహీం సాబ్ చేతిలో పెరిగాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చిన జట్టులో వున్నాడు. 1961లో కెప్టెన్‌గా ఈస్ట్ బెంగాల్‌కి లీగ్ గెలిపించాడు. 1962 జకార్తాలో బంగారు పతకం జట్టులోనూ వున్నాడు. చునీ గోస్వామి, పీ.కే. బెనర్జీ, బలరాం, ఈ ముగ్గుర్నీ ఒక్క వరసలో చెప్తారు. గోస్వామికి 1983లో, బెనర్జీకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాం 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు, పద్మ పురస్కారం లేకుండానే.

ఒకటి గమనించండి. అమ్ముగూడ కుర్రవాడు బాంగాల్‌ల కళ్లలో వెలుగైన ఆ యేళ్లలోనే, బాంగాల్ రైతుని రైలెక్కించి దండకారణ్యం పంపారు. ఆటగాడికి తలుపు తెరవడం కష్టం కాలేదు. కూలికి కష్టమైంది. బలరాం బూట్లు కుట్టిన మనిషి పేరు కూడా ఏ పుస్తకంలోనూ లేదు. దేశవిభజనలో సియాల్‌కోట్ నుంచి జలంధర్ చేరిన బంతుల పరిశ్రమలోనూ కుట్టే చేతులు ఎక్కువగా దళితులవే. వాళ్లూ విభజన చూసినవాళ్లే.

కాగితం అడిగినప్పుడు

2020 జనవరిలో ఈ రెండు క్లబ్బుల మ్యాచ్‌లో ఈస్ట్ బెంగాల్ అభిమానులు పెద్ద బ్యానర్ ఎత్తారు. ఈ నేల రక్తంతో కొన్నది, కాగితాలతో కాదు అని దానర్థం. పౌరసత్వానికి కాగితాలు అడుగుతున్న రోజులవి. గ్యాలరీ చాలాకాలానికి తన చరిత్రని తల్చుకుంది. 2024 ఆగస్టు 18న డ్యురాండ్ కప్‌లో వీళ్ల మ్యాచ్ రద్దు చేస్తే, ఆర్.జి. కర్ ఆసుపత్రిలో డాక్టరమ్మాయి మీద జరిగిన అత్యాచారం, హత్యకి న్యాయం అడుగుతూ రెండు క్లబ్బుల అభిమానులూ కలిసి స్టేడియం బయట నిలబడ్డారు. లాఠీలు ఇద్దరి మీదా పడ్డాయి.

గ్యాలరీకి ఆ శక్తి వుంది. అందుకే ఈ ప్రశ్న అడగటం. రక్తంతో కొన్న నేల అన్నప్పుడు, ఆ లెక్కలో మరిచ్‌ఝాపీ రక్తం వుందా? కాగితం లేక ఎక్కువ భయపడేది కాలనీ పిల్లలా, క్యాంపు పిల్లలా? ఈ రెండో బాధని కూడా తమదిగా చెప్పుకున్న రోజున ఈస్ట్ బెంగాల్ అన్న పేరు నిజమవుతుంది.

మనకీ పని వుంది. సికిందరాబాద్ కంటోన్మెంట్ బస్తీల్లో, రైల్వే కాలనీల్లో ఆడినవాళ్లు ఎవరు, మైదానం వూడ్చినవాళ్లు ఎవరు, బూటు కుట్టినవాళ్లు ఎవరు? ఆ తరం ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. టీచర్లూ, విద్యార్థులూ ఒక నోట్‌బుక్కు పట్టుకుని వెళ్లి అడగండి. కాగజ్‌నగర్ క్యాంపులకీ వెళ్లండి. స్కోరు ఎంతో పేపర్లో దొరుకుతుంది. ఎవర్ని ఆడనివ్వలేదో అక్కడ మనుషుల్ని అడిగితేనే తెలుస్తుంది.