మట్టిదారి పందెపు బళ్ళు – వాటి పూర్వకథ

ఇటువంటి సంచికలలో దేవాలయ శిల్పం గురించీ, ప్రబంధ కవుల గురించీ వ్యాసాలు చదవడం మన పాఠకులకు అలవాటు. ఈసారి తుప్పు పట్టిన మోటారుసైకిళ్ళ గురించి రాస్తున్నందుకు పెద్దలు మన్నించగలరు. అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలలోనూ మనుమలలోనూ కొందరికి ఈ పిచ్చి పట్టుకున్నది. శనివారం వచ్చిందంటే గరాజు తలుపు ఎత్తి, యాభై ఏళ్ళ నాటి మోటోక్రాస్ బండిని ముక్కముక్కలుగా విప్పి, కడిగి, మళ్ళీ బిగిస్తారు. ఆదివారం దానిమీదే మట్టిలో పందేనికి దిగుతారు. “అంత కష్టపడి బాగుచేసిన వస్తువును అద్దాల బీరువాలో పెట్టుకోక బురదలో దొర్లించడమేమిటి?” అని తల్లులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఆ బళ్ళ చరిత్రలోనే దొరుకుతుందని మా నమ్మకం.

ఈ ఆట పుట్టినిల్లు ఇంగ్లండు. 1924 మార్చి 29న సర్రే జిల్లాలోని కాంబర్లీ దగ్గర, గుట్టలూ పొదలూ ఉన్న మైదానంలో ఒక పోటీ జరిగింది. అంతకుముందు యార్క్‌షైర్‌లో స్కాట్ మోటారుసైకిళ్ళ కంపెనీ వారి పేరుతో ఒక పరీక్షాపోటీ ఉండేది. అందులో బండిని ఒడుపుగా, కాలు కింద పెట్టకుండా నడిపినవారికి మార్కులు వేసేవారు. దక్షిణాదివారు ఆ మార్కుల బాధ వద్దనుకుని, ఎవరు ముందు వస్తే వారే నెగ్గినట్లు అన్నారు. మార్కులు లేని దానిని పరీక్ష అనడానికి వీల్లేదని అధికారులు అభ్యంతరం చెప్పగా, పడుతూ లేస్తూ ఎగబాకడమని అర్థం వచ్చే ‘స్క్రాంబుల్’ అనే పేరు స్థిరపడింది. ఫ్రెంచివారు ‘మోటో’ను ‘క్రాస్ కంట్రీ’తో జతచేసి ‘మోటోక్రాస్’ అన్నారు. కడకు వారి మాటే లోకంలో నిలిచింది.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక 1947లో దేశాల మధ్య జట్టు పోటీ మొదలైంది. 1952లో 500 సి.సి. తరగతికి యూరప్ ఛాంపియన్‌షిప్ వచ్చింది, 1957లో అదే ప్రపంచ ఛాంపియన్‌షిప్ అయింది. ఆ మొదటి ఏడు నెగ్గిన స్వీడన్ వీరుడు బిల్ నిల్సన్, రోడ్డు పందేల కోసం తయారైన ఏ.జె.ఎస్. బండిని మట్టికి పనికివచ్చేలా మార్చుకుని నడిపాడు. అంటే ఇంటి షెడ్డులో బండిని కోసి అతికించుకోవడం ఈ ఆటలో నిన్న మొన్న వచ్చిన వేడుక కాదు, మొదటి ప్రపంచ విజేతే చేసిన పని.

అప్పటి బళ్ళలో మాకు మిక్కిలి ఇష్టమైనది గ్రీవ్స్. ఎసెక్స్‌లోని థండర్స్లీ అనే చిన్న ఊళ్ళో, బెర్ట్ గ్రీవ్స్ అనే ఆయన నడవలేని తన బంధువు కోసం ఒక చిన్న మోటారు బండి కట్టాడు. అటువంటి బళ్ళు వికలాంగుల కోసం తయారుచేస్తూ నిలదొక్కుకున్న కంపెనీ అది. అక్కడినుంచి పందెపు బండి వచ్చిందంటే వింతే గదా. దాని చట్రం ముందుభాగం ఇనుప గొట్టం కాక, పోతపోసిన అల్యూమినియం దూలం. ఆ బండిమీద డేవ్ బికర్స్ 1960, 1961లలో 250 సి.సి. యూరప్ ఛాంపియన్ అయ్యాడు. చూడటానికి అందమైనదేమీ కాదు. గట్టిది మాత్రం అవును.

ఇక అసలు మలుపు టూ-స్ట్రోక్ ఇంజనుతో వచ్చింది. బి.ఎస్.ఏ. వారి ఫోర్-స్ట్రోక్ బండిమీద ఇంగ్లీషువాడు జెఫ్ స్మిత్ 1964, 1965లలో 500 తరగతి నెగ్గాడు. ఆ మరు ఏడు, 1966లో, తూర్పు జర్మనీవాడు పాల్ ఫ్రీడ్రిక్స్ చెకోస్లొవేకియాలో తయారైన సి.జెడ్. టూ-స్ట్రోక్‌మీద వచ్చి, వరుసగా మూడేళ్ళు ఆ కిరీటం వదలలేదు. వాల్వులు లేవు, వాటిని నడిపే సరంజామా లేదు, బరువు తక్కువ. విప్పి బిగించడానికి చేతిలో నాలుగు పానాలుంటే చాలు.

ఈ సి.జెడ్. పేరు వినగానే ఆంధ్రదేశంలో పెరిగిన మన పెద్దలు చెవులు రిక్కించాలి. దాని జంట కంపెనీయే జావా. 1961 నుంచి మైసూరులో ఐడియల్ జావా వారు తయారుచేసిన బళ్ళు, తరువాత యెజ్డీ అనిపించుకున్నవి, ఆ చెక్ వంశంలోవే. ఒకే కడ్డీని ఒకవైపు తిప్పితే కిక్కు, మళ్ళీ యథాస్థానానికి తెస్తే గేరు – ఆ ఏర్పాటు గుర్తున్నవారు మన సంఘాలలో ఇంకా ఉన్నారు. మైసూరు కర్మాగారం 1996లో మూతపడింది. కాని ఓహియోలోనో, కాలిఫోర్నియాలోనో ఒక కుర్రవాడు పాత సి.జెడ్. ఇంజను మూత విప్పినప్పుడు, పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న తాతగారు “ఇది మా జావా చుట్టమే కదురా!” అనడం మేము విన్నాము. అనక మానరు గదా.

అమెరికాకు ఈ ఆట ఆలస్యంగా వచ్చింది. ఇక్కడివారు బరువైన ఇంగ్లీషు రెండు సిలిండర్ల బళ్ళమీద ఎడారులలో పరుగెత్తేవారు. శాన్ డియేగోలో హస్క్‌వర్నా బళ్ళు దిగుమతి చేసుకునే ఎడిసన్ డై, 1966లో స్వీడన్ ఛాంపియన్ టోర్స్టెన్ హాల్‌మన్‌ను పిలిపించాడు. 250 సి.సి. చిన్నబండితో అతడు పెద్దబళ్ళవారిని వెనక్కి నెట్టడం చూసి జనం నివ్వెరపోయారు. 1968లో యమాహా డి.టి.1 వచ్చింది. 1971లో బ్రూస్ బ్రౌన్ తీసిన ‘ఆన్ ఎనీ సండే’ చిత్రంలో సినిమా హీరో స్టీవ్ మెక్వీన్ స్వయంగా మట్టిలో బండి తోలేసరికి, ఊరూరా పిల్లలకు అదే కల. 1973లో కాలిఫోర్నియాలోని లేక్ ఎల్సినోర్ పందెం పేరు పెట్టి హోండా తన ‘ఎల్సినోర్’ 250ని అమ్మకానికి దించింది. గ్యారీ జోన్స్ ఆ ఏడే దానిమీద అమెరికా జాతీయ ఛాంపియన్ అయ్యాడు. అంగట్లో కొన్న బండితో ఎవరైనా ఆదివారం పందేనికి వెళ్ళగల రోజులు అలా వచ్చాయి.

ఆ వైభవం ఎంత వేగంగా వచ్చిందో ఆ బళ్ళకు అంతే వేగంగా కాలం చెల్లింది. అప్పటిదాకా వెనుకచక్రం గుంతలో పడితే పైకీ కిందికీ ఊగే దూరం నాలుగు అంగుళాలే. మిగతా దెబ్బంతా నడిపేవాడి మోకాళ్ళూ నడుమూ కాచుకోవలసిందే. లూసియన్ టిల్కెన్స్ అనే బెల్జియం ఇంజనీరు, రెండు షాక్ అబ్సార్బర్లు తీసివేసి, సీటు కింద పొడవైనది ఒక్కటే అమర్చే పద్ధతి కనిపెట్టాడు. యమాహా దానిని తీసుకున్నది. హాకన్ ఆండర్సన్ 1973లో ఆ బండితో 250 ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మరి రెండు మూడేళ్ళలో అన్ని కంపెనీలూ చక్రం ఊగే దూరాన్ని రెట్టింపు చేశాయి. 1973లో కొత్త పెళ్ళికొడుకులా వెలిగిన బండి 1976 నాటికి పందెంలో చివర నిలిచింది. ఇంజను చెడలేదు, చట్రం విరగలేదు. అయినా దొడ్డివైపు షెడ్డుకు చేరింది. కొన్న కంపెనీలూ నిలవలేదు. బి.ఎస్.ఏ. 1970ల ఆరంభంలోనే కుప్పకూలింది. ఆ దశకం చివర గ్రీవ్స్, 1980లలో స్పెయిన్ వారి బుల్టాకో, జర్మనీ వారి మైకో అదే దారి పట్టాయి.

పాడైపోయి మూలపడటం వేరు, బాగుండగానే మూలపడటం వేరు. ఈ రెండవ రకం కావడం చేతనే ఇన్ని బళ్ళు బ్రతికి మన చేతికి వచ్చాయి. ఇంగ్లండులో 1965కు ముందు బళ్ళకు వేరే పందేలు పెట్టారు. అమెరికాలో 1980లలో మొలకెత్తిన అమెరికన్ హిస్టారిక్ రేసింగ్ మోటార్‌సైకిల్ అసోసియేషన్ వారి పాతబళ్ళ తరగతిలో ఒక నియమం మాకు బహు నచ్చింది. ముందుచక్రం ఏడు అంగుళాలకూ, వెనుకచక్రం నాలుగు అంగుళాలకూ మించి ఊగరాదు. అనగా పాత చట్రానికి కొత్త షాకులు తగిలించి నెగ్గుదామంటే కుదరదు. ఏ లోపం వల్ల ఆ బండిని లోకం పారవేసిందో ఆ లోపాన్నే నియమంగా పెట్టుకుని పోటీ పడతారు.

ఇక గరాజు పని సంగతి. పాత బండి దొరికిన వెంటనే కిక్కు కొట్టి చూడాలని చెయ్యి దురద పెడుతుంది. కొట్టకూడదు. ఏళ్ళ తరబడి పడి ఉన్న ఇంజను పట్టేసి ఉంటుంది. స్పార్క్ ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో తుప్పు వదిలే నూనె పోసి, రోజుల తరబడి నాననివ్వాలి. సిలిండరు అరిగితే లేతు షెడ్డులో బోరింగు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేస్తారు. అన్నిటికన్న ముఖ్యం క్రాంకు ఇరువైపులా ఉండే రబ్బరు సీళ్ళు. టూ-స్ట్రోక్ ఇంజనులో పెట్రోలు, గాలి, నూనె కలిసిన మిశ్రమం క్రాంకు గదిగుండానే పైకి పోవాలి. సీలు ఎండి పగిలితే బయటిగాలి చొరబడుతుంది, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది, పిస్టన్ వేడెక్కి నడినెత్తిన బెజ్జం పడుతుంది. కొద్ది డబ్బుతో వచ్చే సీలుకు లోభించి సిలిండరంతా పోగొట్టుకున్నవారు లేకపోలేదు.

చక్రాల పని మాత్రం మన పాత సైకిల్ షాపు విద్యే. స్పోకులు కొత్తవి అల్లి, చక్రాన్ని తిప్పి చూస్తూ, ఇక్కడ ఒక చుట్టు బిగించి అక్కడ అరచుట్టు వదిలి బెండు తీయాలి. ఈ పనిలో మన తాతగార్ల చేతివాటం ముందు ఇక్కడి పుస్తకాలు చాలవు. బ్రేకు డ్రమ్ములు విప్పేటప్పుడు మాత్రం ముక్కుకు గుడ్డ కట్టుకుని గాలితో ఊదితే సరిపోదు. ఆనాటి బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ పొడిని అసలు ఊదకూడదు, తడిపి తుడవాలి. బుల్టాకో వంటి బళ్ళ ఫైబర్‌గ్లాస్ ట్యాంకులకు మరొక గండం ఉంది. ఈనాటి అమెరికా పెట్రోలులో కలిపే ఇథనాల్ ఆ ట్యాంకును లోపలినుంచి మెత్తబరచి, జిగురును కార్బురేటరులోకి దింపుతుంది. ఇథనాల్ లేని పెట్రోలు వెతికి పోయాలి, లేదా లోపల పూత వేయించాలి.

ఈ పందేలకు వెళ్ళినవారికి ముందుగా తగిలేది వాసన. అది ఆముదం వాసన! నమ్మండి. విమానాల తొలిరోజులనుంచీ పందెపు ఇంజన్లకు ఆముదాన్ని మించిన నూనె లేదనేవారు. విపరీతమైన వేడిలో కూడా లోహాన్ని అంటిపెట్టుకుని ఉండటం దాని గుణం. 1909లో వేక్‌ఫీల్డ్ కంపెనీ తన నూనెకు ‘కాస్ట్రాల్’ అని పేరు పెట్టింది అందులో కలిపిన కాస్టర్ నూనెను బట్టే, అంటే మన ఆముదాన్ని బట్టే. మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల మెట్టపొలాలలో విస్తారంగా పండిన గింజ అది. చిన్నప్పుడు ముక్కు మూసి మింగించిన ఆ మందు ఇంతటి ఘనకార్యం చేసిందని మన పిల్లలకు తెలియదు. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనవారు ఎగతాళి చేశారు గాని, ఇంజన్ల లోకంలో అది చాలాకాలం నిజంగానే మహావృక్షం. నేడు కృత్రిమ నూనెలు అంతకన్న శుభ్రంగా పనిచేస్తున్నా, ఆ పొగకోసమే ఆముదం వాడే పాతకాపులు ఉన్నారు. చిక్కేమంటే అది పెట్రోలులో నిలకడగా కలిసి ఉండదు. ఏ పూట మిశ్రమం ఆ పూటే కలుపుకోవాలి, సాయంత్రం మిగిలినది ట్యాంకులోనుంచి తీసివేయాలి. లేకుంటే బంకగా పేరుకుంటుంది.

ఇప్పుడు తల్లుల ప్రశ్నకు వద్దాము. నడిపితే అరుగుతుంది, అరిగిన భాగం మళ్ళీ దొరకకపోవచ్చు. మెగ్నీషియం మూతలు పెళుసెక్కి ఉంటాయి, ఒక్క రాయి తగిలితే చాలు. కనుక మెరుగుపెట్టి గదిలో ఉంచడమే క్షేమమనే పక్షం బలమైనదే. మా పక్షం వేరు. నడవని టూ-స్ట్రోక్ ఇంజనులో సీళ్ళు మళ్ళీ ఎండుతాయి, కార్బురేటరులో బంక మళ్ళీ పేరుకుంటుంది. అంతకుమించి, ఈ బళ్ళను కొత్తగా కొని నడిపిన తరం డెబ్బైలు దాటుతున్నది. మూతపడిన కంపెనీల బళ్ళ గుట్టు అంతా వారి చేతులలోనూ చెవులలోనూ ఉన్నది. ఇంజను మోత విని ఏ జెట్టు మార్చాలో చెప్పగలవారు వారు. ఆ విద్య అద్దాల బీరువా దగ్గర నిలబడితే అబ్బదు. పందెం పొద్దున, బండి స్టార్టు కానని మొరాయించినప్పుడు, పక్క బండి ముసలాయన వచ్చి వంగి చూసి చెప్పినప్పుడే అబ్బుతుంది. మన పిల్లలు ఆ మాటలు వినడానికి మిగిలి ఉన్న ఏళ్ళు కొద్ది.

చూడదలచినవారు ఓహియోలోని లెక్సింగ్టన్ దగ్గర, మిడ్-ఓహియో పందెపు మైదానంలో జరిగే పాత మోటారుసైకిళ్ళ ఉత్సవానికి పిల్లలను తీసుకువెళ్ళవచ్చును. పందేలకన్న అక్కడి పాతసామాను సంత పెద్దది. పేరు చెప్పి అడిగితే ఏ మూలనో గోనెసంచిలోనుంచి ఆ ముక్క బయటకు వస్తుంది. పందేలలో నలభై, యాభై, అరవై ఏళ్ళు పైబడినవారికి వేరువేరు తరగతులు కూడా ఉన్నాయి. మనవారిలో అరవై దాటిన తరగతిలో పేరు ఇచ్చినవారెవరూ మాకు ఇంతవరకు తారసపడలేదు. జావా తోలిన చేతులు మాత్రం ఉన్నాయి.