దూరశ్రవణ ప్రియులు – డిజిటల్ ప్రసారాలు

పల్నాడు జిల్లాలో కృష్ణ ఒడ్డున, అమరావతికి ఆనుకొని ధరణికోట ఉన్నది. శాతవాహనుల నాటి ధాన్యకటకం ఇదే. 1962 మొదలు 1965 వరకు పురావస్తు శాఖవారు ఇచ్చట త్రవ్వకాలు జరిపినప్పుడు నావలు వచ్చే కాలువ, సరుకు దింపే రేవుకట్ట బయటపడినవి. సముద్రం ఆవలి సరుకూ, సముద్రం ఆవలి మాటా ఏటికి ఎదురెక్కి ఈ ఊరు చేరేవని ఆ రేవు చెప్పుచున్నది. ప్రక్కనే ఉన్న మహాస్తూపపు రాళ్ళు సున్నపు బట్టీల పాలవుతున్న కాలంలో, 18వ శతాబ్ది చివర, కాలిన్ మెకంజీ అనే సర్వేయరు వచ్చి చూచినాడు. తరువాత మరల తన చిత్రకారులతో వచ్చి, కనిపించిన ప్రతి ఫలకాన్నీ శ్రద్ధగా గీయించినాడు. వానిలో కొన్ని రాళ్ళు నేడు లేవు. బొమ్మలు మాత్రం లండనులో ఉన్నవి.

రాళ్ళను గురించి మాట్లాడుట మా ఉద్దేశం కాదు. కాని రేడియో లోకంలో మెకంజీ వంటి పని చేసేవారు కొందరున్నారు. వారిని గురించి చెప్పడానికి ధరణికోట కంటె తగిన చోటు మాకు తోచలేదు. అరిగిన శాసనాన్ని చదివేవారు సగం మిగిలిన అక్షరాన్ని చూచి పూర్తి అక్షరాన్ని ఊహిస్తారు. ఆ అక్షరం నుండి పదాన్ని, పదం నుండి రాజు పేరును పట్టుకొంటారు. దూరపు రేడియో కేంద్రాన్ని వినే అభిరుచి గలవారు చెవితో చేసే పని కూడ ఇటువంటిదే. తంతివారి సంకేత భాషలో దూరమును సూచించే 'డీఎక్స్' అనే రెండక్షరాలే వారి వినోదానికి పేరైనవి. గరగరల నడుమ ఒక పాట చరణం, ఒక గంట మ్రోత, ఒక ఊరి పేరు చెవిని పడితే చాలును. తేదీ, వేళ, తరంగ సంఖ్య, విన్న అంశం వ్రాసి ఆ కేంద్రానికి పంపుతారు. ధ్వని బలం, ఇతర కేంద్రాల అడ్డు, రొద, హెచ్చుతగ్గులు, మొత్తం యోగ్యత – వీనికి ఒకటి నుండి అయిదు వరకు మార్కులు వేస్తారు. నిజమేనని కేంద్రం వారు ఒప్పుకొంటే 'క్యూఎస్ఎల్' అనే కార్డు టపాలో వస్తుంది.

తెలుగువారికి ఈ దూరశ్రవణం మొదట వినోదం కాదు, అవసరం. మదరాసులో 1924లో ఔత్సాహికుల రేడియో క్లబ్బు ప్రసారాలు ఆరంభించినది. ఆకాశవాణి కేంద్రం అచ్చట 1938లో వెలసినది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1వ తేదీన పుట్టే వరకు, కృష్ణా గుంటూరు మండలాలలో తెలుగు మాట వినవలెనంటే మదరాసును అందుకోవలసినదే. రెండు వెదురు గడల నడుమ ఏరియల్ తీగ కట్టి, భూమిలో ఎర్త్ కమ్మీ దించి, విద్యుత్తు లేని ఊళ్ళలో బ్యాటరీ సెట్టు పెట్టుకొని, చీకటి పడే దాక వేచియుండేవారు. చీకటికై వేచియుండడానికి కారణమున్నది. పగటి వేళ అయనావరణపు క్రింది పొర మీడియం వేవ్ తరంగాలను మ్రింగివేస్తుంది. రాత్రి ఆ పొర పలుచబడగానే పై పొరలు వానిని మరల భూమికి త్రిప్పి పంపుతవి. ఆ పొరల నడవడిని వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావుగారును వారి శిష్యులును ఏళ్ళ తరబడి పరిశోధించినారు. ఏరియల్ కట్టిన రైతుకు ఆ శాస్త్రం తెలియదు. రాత్రి అయితే దూరం దగ్గర అవుతుందని మాత్రం తెలుసును.

విజయవాడ వచ్చిన పిమ్మట కూడ దూరపు పిలుపు ఆగలేదు. 1952లో ఆకాశవాణి సినిమా పాటలను దూరముంచగా జనం ముల్లును సిలోను వైపు త్రిప్పినారు. 1957 అక్టోబరులో వివిధభారతి వచ్చిన తరువాత కూడ ఆ అలవాటు వెంటనే పోలేదు. సిలోను తెలుగు కార్యక్రమంలో మీనాక్షి పొన్నుదురైగారి గొంతు ఆంధ్రదేశంలో ఇంటింటికీ పరిచయం. మాస్కో రేడియో తెలుగులో మాట్లాడినది. మనీలా నుండి వెరితాస్ రేడియో తెలుగులో మాట్లాడినది. పరాయి దేశం తన భాషలో తన ఇంటికి వచ్చి పలుకరించడం చిన్న అనుభవమేమీ కాదు.

ఇక నేటి సంగతి.

ధరణికోట విజయవాడకు సుమారు ముప్పదియైదు కిలోమీటర్ల దూరంలో ఉన్నది. 837 కిలోహెర్ట్స్‌పై విజయవాడ ఇచ్చట ఉరుము వలె వినవస్తుంది. దూరశ్రవణ ప్రియునకు ఇంటి ప్రక్కనున్న కేంద్రం వరమును, శాపమును కూడ. అయినా పాత పద్ధతిలో ప్రతి కేంద్రానికీ తొమ్మిది కిలోహెర్ట్స్‌ల గది ఉండేది. గోడ పలుచనిదైనా, ఏరియల్‌ను త్రిప్పియు, ముల్లును వెంట్రుకవాసి జరిపియు ప్రక్క గదిలోని గొంతును వినే ఉపాయముండేది. 2010ల దశకంలో ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారిణులలో 'డీఆర్ఎమ్' అనే డిజిటల్ పద్ధతిని అమర్చినప్పుడు ఈ గదుల ఏర్పాటే మారినది. పాత ప్రసారంతో పాటు డిజిటల్ ప్రసారాన్ని కూడ పంపే ఏర్పాటులో, డిజిటల్ భాగం అసలు తరంగానికి పది కిలోహెర్ట్స్‌లు పైన కూర్చుండును. హైదరాబాదు 738 పై పలుకుచుండగా దాని డిజిటల్ భాగం 748 చుట్టూ వ్యాపించును. ఆ ప్రక్కనే 747 పై లక్నో ఉన్నది. ధరణికోట నుండి లక్నో సుమారు 1,100 కిలోమీటర్లు. రాత్రి వేళ పాత సెట్టుకు అందదగిన దూరమే. కాని ఆ చోట మామూలు రేడియోలో వినవచ్చేది మాట కాదు, పాట కాదు. ఎడతెగని సుర్రుమనే చప్పుడు. అది రెండు కేంద్రాల పోట్లాట వంటిది కాదు. పోట్లాటలో ఒకరి మాటైనా తెలియును.

అడ్డు ఒక్కటే కష్టమైతే సర్దుకొనవచ్చును. ఇంతకంటె లోతైన మార్పు మరొకటి ఉన్నది. పాత ప్రసారం బలహీనపడితే క్రమక్రమంగా మాసిపోవును. గొంతు సన్నగిల్లును, గరగర పెరుగును, మరల ఒక్క నిమిషం తేటపడును. ఆ నిమిషంలో కేంద్రం పేరు చెప్పినారా, పంట పండినట్లే. డిజిటల్ ప్రసారం అట్లు కాదు. అది అంకెలుగా వచ్చును. దారిలో చెడిన అంకెలను యంత్రమే కొంతవరకు సరిదిద్దుకొనును. ఆ 'కొంతవరకు' దాటిన క్షణాన మాట తునాతునకలై, పూర్తిగా మౌనం ఆవరించును. సగం అక్షరమనేది లేదు. ఉన్నంతసేపు నిండు శాసనం; లేనప్పుడు బోడి రాయి. ఊరి శ్రోతకు ఇది మేలే – గరగరలేని మాట ఎవరికి చేదు? సగం అక్షరం నుండి పేరు చదువగల చెవికి మాత్రం చేయదగిన పని తగ్గిపోయినది.

టెలివిజన్‌లో ఈ కథ వేగంగా ముగిసినది. ఒక్కొక్కప్పుడు వాతావరణం అనుకూలించి ఎక్కడిదో ఒక చిత్రం మంచు కురిసినట్లు తెరపై తేలేది. దానిని ఛాయాచిత్రం తీసి దాచుకొనేవారుండేవారు. దూరదర్శన్ వారి భూతల అనలాగ్ ప్రసారిణులు, కీలక ప్రాంతాలలోని కొన్ని తప్ప, 2022 మార్చి నాటికి మూతపడినవి. డిజిటల్ తెరపై మంచు కురియదు. బొమ్మ వచ్చును, గళ్ళుగళ్ళుగా చిట్లును, పోవును.

నేరమంతా డిజిటల్ పద్ధతి మీద మోపుట న్యాయం కాదు. దూరపు కేంద్రాలే ఒక్కటొక్కటిగా వెళ్ళిపోయినవి. ఆస్ట్రేలియా రేడియో 2017 జనవరిలో షార్ట్ వేవ్ ప్రసారాలను మానినది. వెరితాస్ 2018లో మానినది. బీబీసీ హిందీ వార్తలు 2020 జనవరి 31న షార్ట్ వేవ్‌పై ఆఖరుసారి వినిపించినవి. ఇండ్లలోని రొద మరొకటి. ఎల్ఈడీ దీపం, ఇన్వర్టరు, ఫోను చార్జరు – ఒక్కొక్కటి ఒక చిన్న రొద యంత్రం. ఊరంతా కరెంటు పోయిన రాత్రి పాత సెట్టు పెట్టి చూచినవారికి ఎన్ని కేంద్రాలు లేచి వచ్చునో మేము చెప్పనక్కరలేదు.

లాభాలు లేవని కాదు. 2009లో ఢిల్లీ చెంత ఖాంపూరు నుండి ఆకాశవాణి షార్ట్ వేవ్ డిజిటల్ ప్రసారం చేసినప్పుడు ఐరోపాలోని అభిరుచిగలవారు దానిని స్వచ్ఛంగా విన్నారు. వేల కిలోమీటర్ల దూరం స్థానిక కేంద్రమంత తేటగా వినబడుట వారికి క్రొత్త. కంప్యూటరుకు తగిలించే చిన్న పరికరంతో మీడియం వేవ్ పట్టీ నంతటిని ఒకేసారి తెరపై చూచుచు, రికార్డు చేసికొని, మరునాడు తీరికగా వెదకవచ్చును. నెదర్లాండ్సులోని ట్వెంటె విశ్వవిద్యాలయం వారి రేడియోను ధరణికోటలో కూర్చుండి త్రిప్పవచ్చును. అది దూరశ్రవణమగునా అని అడిగితే, కాదనియే మా అభిప్రాయం. అచ్చటి తీగపై పడిన తరంగాన్ని వినుట వేరు, మన చూరు మీది తీగపై పడినదానిని వినుట వేరు. మా మాటను ఒప్పుకొనని మిత్రులున్నారు. వారు మా కంటె చిన్నవారు, మా కంటె ఎక్కువ కేంద్రాలు వింటున్నారు.

ఒక్క సంగతి మాత్రం తొందరపెట్టుచున్నది. మూతపడిన కేంద్రం ఏ రాత్రి, ఏ ఊరిలో, ఎంత బలంగా వినబడినదో ఆ కేంద్రపు దస్తరాలలో ఉండదు. ప్రసారిణి తాను పంపినదానినే ఎరుగును, చేరినదానిని ఎరుగదు. చేరినదానిని వ్రాసినవారు ఈ శ్రోతలే. ఆ నోటుపుస్తకాలు, కార్డులు నేడు అటకల మీద, ట్రంకు పెట్టెలలో ఉన్నవి. ఇల్లు మారునప్పుడు పాత కాగితాలవానికి తూకానికి పోవుచున్నవి. సున్నపు బట్టీ ఎప్పుడును దూరంలో ఉండదు.

క్రొత్త డిజిటల్ రేడియో కేంద్రం పేరును తన చిన్న తెరపై తానే వ్రాసి చూపును. పాత నివేదికలలో మాత్రం 'ఈ కేంద్రమని ఎట్లు తెలిసినది?' అనుదానికి శ్రోతయే జవాబు వ్రాయవలసియుండెను. ఒకడు గంటల మ్రోత అని వ్రాసేవాడు. ఒకడు పాట అని. ఒకడు, చదివినవారి గొంతును బట్టి, అని.