పద్నాలుగా, పదిహేనున్నరా? ల్యాప్‌టాప్ తెర వెనక కథ

కౌన్సెలింగ్‌లో సీటు ఖాయమవగానే మన ఇళ్లలో మొదటి చర్చ హాస్టల్, రెండోది ల్యాప్‌టాప్. ఏ కంపెనీ, ఎంత ధర అన్నవి పిల్లలూ వాళ్ల నాన్నలూ తేల్చేసుకుంటారు. తెర ఎంత ఉండాలి అన్న దగ్గర మాత్రం అందరిదీ ఒకటే మాట: "పెద్దదైతే మంచిదేగా!" టీవీ కొన్నప్పుడూ ఇదే అన్నారు. నేను చదివింది బీఏ తెలుగు, కంప్యూటర్ లోపలి సంగతులు నాకు పట్టవు. కానీ ఒక వస్తువు ఇలా ఎందుకు తయారైందో తెలుసుకుంటే షాపులో ఏం అడగాలో తెలుస్తుందని నా నమ్మకం. అందుకే ఈ తెరల చరిత్ర కాస్త తవ్వాను.

ముందు ఆ అంకె సంగతి. పెట్టె మీద 14 అంగుళాలు అని రాసి ఉంటే అది పొడవూ కాదు, ఎత్తూ కాదు. ఒక మూల నుంచి ఎదుటి మూలకి కొలత, అంటే పదో తరగతి లెక్కల్లోని కర్ణం. ఈ అలవాటు పాత టీవీల నుంచి వచ్చింది. తొలి టీవీల్లో గాజు గొట్టం ముఖం గుండ్రంగా, పళ్లెంలా ఉండేది. దాని అడ్డుకొలతే టీవీ సైజు. తర్వాత తెర నలుచదరం వైపు మారింది, కొలిచే పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది. చిక్కంతా ఇక్కడే ఉంది. బట్టల కొట్లో మీటరు ఎంత అని అడిగి ఊరుకుంటామా? పన్నా ఎంత అని కూడా అడుగుతాం. తెరకి మాత్రం పన్నా అడగం, వాళ్లూ చెప్పరు.

ఇంతకీ విద్యార్థి కోసం కంప్యూటర్ అని తొలినాళ్లలోనే ఆలోచించిన ఒక మనిషి తెరని అంగుళాల్లో ఆలోచించలేదు. అమెరికాలో జెరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేసిన అలన్ కే 1972లో ఒక వ్యాసం రాశాడు. అన్ని వయసుల పిల్లలకీ ఒక సొంత కంప్యూటర్ అన్నది దాని విషయం. దానికి డైనాబుక్ అని పేరు పెట్టుకున్నాడు. నోటుపుస్తకం కంటే పెద్దది కాకూడదు, బరువు నాలుగు పౌన్లకి, అంటే సుమారు 1.8 కిలోలకి లోపు ఉండాలి, తెర మీద కనీసం 4,000 అక్షరాలు పుస్తకంలో అచ్చు కనిపించినంత స్పష్టంగా కనపడాలి అన్నాడు. చూడండి, ఆయన కొలత పేజీ. పిల్ల ఒక్క చూపులో ఎంత చదవగలదు అన్నది. అప్పటికి అలాంటి తెర చేసే విద్య లేదు కాబట్టి అట్టతో నమూనా చేసుకుని సరిపెట్టుకున్నాడు.

నిజంగా మార్కెట్లోకి వచ్చినవి వేరు. 1981లో వచ్చిన ఆస్‌బర్న్ 1 పేరుకి మోసుకెళ్లే కంప్యూటరే గానీ బరువు పదికిలోల బియ్యం బస్తా కంటే కాస్త ఎక్కువ. అంత బరువుకి తెర ఐదు అంగుళాలు! వరుసకి 52 అక్షరాలే కనపడేవి, మిగతాది పక్కకి జరుపుకుని చూసుకోవాలి. మరుసటి ఏడాది గ్రిడ్ కంపాస్ వచ్చింది. ఈనాటి ల్యాప్‌టాప్‌లా మూత తెరిచే రూపం దానిదే. ఆరు అంగుళాల తెర, ధర 8,000 డాలర్ల పైమాట. అది అంతరిక్ష నౌకలో కూడా వెళ్లింది, విద్యార్థి సంచిలోకి మాత్రం రాలేదు. 1990ల మొదట్లో మంచి ల్యాప్‌టాప్ అంటే పదిన్నర అంగుళాల లోపే. 1995లో ఐబీఎం వాళ్లు మూత తెరవగానే రెక్కల్లా విచ్చుకునే కీబోర్డు పెట్టారు. ఎందుకంటే తెర చిన్నది, మనిషి రెండు చేతులకీ అంత వెడల్పు చాలదు. అంటే ల్యాప్‌టాప్ కనీస వెడల్పుని కళ్ల కంటే ముందు చేతులే నిర్ణయించాయన్నమాట.

అసలు మలుపు 2008 ప్రాంతంలో వచ్చింది. మొదట్లో తెరలు పాత టీవీల్లా నాలుగుకి మూడు నిష్పత్తిలో ఉండేవి. తర్వాత 16కి 10 అయ్యాయి. ఆ తర్వాత సినిమాలకీ కొత్త టీవీలకీ నప్పే 16కి 9 వచ్చేసింది. టీవీ తెరలూ ల్యాప్‌టాప్ తెరలూ ఒకే ఆకారంలో ఉంటే పెద్ద గాజు పలకని వృథా లేకుండా కోసుకోవచ్చని ఫ్యాక్టరీల లెక్క. మనం జాకెట్టు ముక్క మిగిలేలా బట్ట కత్తిరించుకుంటామే, అలాగే. దీంతో 15.4 అంగుళాల తెరలు పోయి 15.6 అంగుళాలవి వచ్చాయి. కొన్నవాళ్లు పెరిగిందనుకున్నారు. కర్ణం లెక్క వేసి చూశాను: పాత 15.4 తెర ఎత్తు 8.16 అంగుళాలు, కొత్త 15.6 తెర ఎత్తు 7.65. పైన అంకె పెరిగింది, లోపల పేజీ అర అంగుళం తగ్గింది. అంతకుముందు నాలుగుకి మూడు ఆకారంలో ఉన్న 14 అంగుళాల తెర ఎత్తు 8.4! అంటే ఆ పాత 14లో ఈ 15.6 కంటే పేజీ ఎక్కువ కనిపించేది. చుక్కల వరుసలూ అంతే, 1280×800 పోయి 1366×768 వచ్చింది. సినిమా చూసేవాళ్లకి లాభం, చదువుకునేవాళ్లకి 32 వరుసలు నష్టం.

మన తెలుగువాళ్లకి ఈ నష్టం ఇంకాస్త ఎక్కువని నా లెక్క. ఇంగ్లీషు అక్షరం బుద్ధిగా తన గీత మీద కూర్చుంటుంది. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. "స్త్రీ" అని రాసి చూడండి, ఎంత చోటు కావాలో! విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంట్‌లో వరుసకీ వరుసకీ మధ్య ఉండే దూరం గుర్తున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పద్యాలూ ప్రతిపదార్థాలూ తెర మీద చదివే తెలుగు విద్యార్థికి కావలసింది వెడల్పు కాదు, ఎత్తు.

పేద పిల్లల కోసం చేసిన యంత్రాల కథ మరీ ఆసక్తికరం. 2005లో నికొలస్ నెగ్రొపాంటె పిల్లకో ల్యాప్‌టాప్ అన్న పథకం ప్రకటించాడు. 2007లో వచ్చిన ఆ ఆకుపచ్చ యంత్రం తెర ఏడున్నర అంగుళాలే. కానీ నలుపు తెలుపుల్లో 1200×900 చుక్కలు, ఎండలో ఆరుబయట కూర్చుని కూడా చదవొచ్చు. చాలా పెద్ద ల్యాప్‌టాప్‌లకి 800 వరుసలున్న రోజుల్లో దీనికి 900! పిల్లలు దీని మీద పుస్తకం చదవాలి అని ఎవరో ఆలోచించారన్నమాట. అదే ఏడాది వచ్చిన ఈ పీసీ అనే చవక ల్యాప్‌టాప్‌కి ఏడు అంగుళాలు, 480 వరుసలు. మన దేశంలో 2011 అక్టోబర్ 5న విడుదలైన ఆకాశ్ ట్యాబ్లెట్‌కీ అంతే, ఏడు అంగుళాలు, 480 వరుసలు. అది హైదరాబాద్‌లోనే బిగించారని గర్వపడ్డాం కూడా. దాదాపు ఒకే సైజు తెరలు, ఒకటి పేజీని లెక్కపెట్టి చేసింది, మిగతా రెండూ ధరని లెక్కపెట్టి చేసినవి. అదే 2011లో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకి ఉచిత ల్యాప్‌టాప్‌లు మొదలుపెట్టినప్పుడు 14 అంగుళాల వైపు వెళ్లడం తెలివైన పని అనిపిస్తుంది నాకు. మన బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో కూడా పదో తరగతి అయిపోయి వచ్చిన పల్లెటూరి పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి పాఠం చెప్పారు. ఎంతమంది ఇళ్లలో అదే మొదటి కంప్యూటరో!

పోయిన ఎత్తు మెల్లగా తిరిగి వస్తోంది. యాపిల్ వాళ్లు చాలావరకు మ్యాక్‌బుక్‌లలో 16కి 10ని వదల్లేదు. 2014లో మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ప్రో 3 మూడుకి రెండు తెరతో వచ్చింది. ఇప్పుడు మధ్యతరగతి ధరల్లో కూడా 16కి 10 దొరుకుతున్నాయి.

మొన్న మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, చీటీ పాడిన డబ్బు చేతికొచ్చింది. షాపు అబ్బాయి 15.6 తీసుకోమంటున్నాడు, అమ్మాయేమో 14 చాలంటోంది. రెండూ ఒకే రేటు. చిన్నది తీసుకుంటే నష్టపోతామా?" పెట్టె మీద 1920 పక్కన ఏ అంకె ఉందో చూసి చెప్పమన్నాను. 15.6కి 1080, 14కి 1200. 1200 అంటే 16కి 10. ఆ 14 తెర ఎత్తు 7.42 అంగుళాలు. 15.6తో తేడా పావు అంగుళం కూడా లేదు! బరువు మాత్రం నాలుగు వందల గ్రాములు తక్కువ. అమ్మాయి ఉండేది హాస్టల్లో, క్లాసులు వేరే బ్లాకులో, ల్యాబ్ ఇంకో చోట. బడి పిల్లల సంచి వాళ్ల బరువులో పదో వంతు మించకూడదని 2020లో కేంద్రం చెప్పింది. ఆ లెక్కే పట్టుకుంటే నలభై ఐదు కిలోల మా మేనకోడలు మోయాల్సింది నాలుగున్నర కిలోలు. అందులో ల్యాప్‌టాప్, ఛార్జర్, నీళ్ల సీసా, రికార్డులు, టిఫిన్ డబ్బా. నాలుగు వందల గ్రాములు అంటే చిన్న మాటా? "పిల్ల చెప్పిందే తీసుకో," అన్నాను.

అందరికీ 14 అని కాదు. ఆర్కిటెక్చర్, మెకానికల్ పిల్లలకి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో పక్కన పనిముట్ల వరుసలే సగం తెర మింగేస్తాయి. వాళ్లకి 16 అంగుళాలు, 16కి 10 దొరికితే మంచిది. అది 15.6 అంత వెడల్పే, ఎత్తు మాత్రం ఎనిమిదిన్నర అంగుళాల దాకా వస్తుంది. ఇంట్లో ఉండి కాలేజీకి వెళ్లొచ్చే పిల్లలైతే సంచిలోకి 14, ఇంట్లో బల్ల మీద విడిగా ఒక మానిటర్. పాతదైనా పర్వాలేదు, వైరు ఒకటి కొంటే చాలు. షాపుకి వెళ్లేటప్పుడు అమ్మాయి పాఠం పీడీఎఫ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. రెండు తెరల మీదా తెరిపించి, అక్షరాలు ఒకే సైజులో పెట్టించి, కిందికి జరపకుండా ఎన్ని వరుసలు కనిపిస్తున్నాయో అమ్మాయినే లెక్కపెట్టమనండి.